తవిటయ్యకు దొరికిన రిలీవరు

కరోనా తగ్గి జనం మాస్కులు తీసేసిన ఏడాది, చలికాలం మొదట్లో, నన్ను మగవాళ్ళ సర్జికల్ వార్డు నుంచి ఇంటింటికీ తిరిగే టీముకు మార్చారు. హోదా మారలేదు, సిస్టర్ ఇన్‌చార్జినే. జంషెడ్‌పూర్‌లో నేను ఉద్యోగం చేసింది ఒక ధర్మాసుపత్రిలో. నయం కాని జబ్బుతో మంచం పట్టిన పెద్దవాళ్ళను వాళ్ళ ఇళ్ళల్లోనే చూసుకోవడానికి ఆసుపత్రివాళ్ళు ఒక వ్యాను, ఒక డాక్టరు, ఇద్దరు నర్సులతో ఈ టీము పెట్టారు. ఆర్డరు కాగితం చేతికి రాగానే వార్డులో నా తోటి సిస్టర్లు చుట్టూ మూగి, "ఏం తప్పు చేశావే?" అని అడిగారు. వాళ్ళను అనుకుని లాభం లేదు. మా టీముకు పెట్టిన పాలియేటివ్ అనే పేరు వినగానే తులసి నీళ్ళు, గంగాజలం గుర్తొచ్చే రోజులవి. ఇప్పుడు కూడా పెద్దగా మారిందని నేను అనుకోను.

అందుకే ఆ పనేమిటో ముందు చెప్పాలి. జబ్బును తగ్గించడం మా చేతుల్లో లేదు. జబ్బు పెట్టే బాధను తగ్గించడం మా పని. నొప్పి, ఆయాసం, వాంతులు, మలబద్ధకం, వీపు మీద పుండ్లు, నిద్ర లేకపోవడం, భయం, ఇవన్నీ మా లెక్కలోకి వస్తాయి. మేం ఇంట్లో అడుగుపెట్టామంటే మనిషి రేపో మాపో పోతాడని అర్థం కాదు. నెలలు, ఒక్కోసారి ఏళ్ళు చూసుకున్నవాళ్ళున్నారు. డాక్టరు మేడం వారానికోసారి వచ్చి మందులు నిర్ణయిస్తారు. మధ్యలో వెళ్ళి చూసేది, ఫోన్లకు జవాబు చెప్పేది, ఇంట్లోవాళ్ళకు పని నేర్పేది సిస్టర్లు. మార్ఫిన్ లాంటి మందు తాళం వేసిన అల్మారాలోంచి డాక్టరు రాతను బట్టే బయటికి వస్తుంది. ఎంత ఇవ్వాలన్నది మాత్రం రోగి నోటిమాట మీద ఆధారపడి ఉంటుంది. నొప్పికి థర్మామీటరు లేదు. సున్నా నుంచి పది దాకా ఒక స్కేలు ఉంది. సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే ఇంతకు మించి ఊహించలేను అని. రోగి చెప్పిన అంకెను బట్టి మోతాదు పెంచుతాం, తగ్గిస్తాం.

తవిటయ్య అంకె ఎప్పుడు అడిగినా రెండే.

ఆయనది ఆదిత్యపూర్. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళికి ముందే వచ్చి, ఇప్పుడు మూతపడిన ఒక ఉక్కు ఫౌండ్రీలో క్రేన్ ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యాడు. ప్రోస్టేటు క్యాన్సరు ఎముకలకు పాకి వెన్నులో దిగింది. ఇంట్లో భార్య నీలమ్మ, కొడుకు శంకర్, కోడలు కల్యాణి. శంకర్ కాంట్రాక్టు కింద కరెంటు పని చేస్తాడు. కల్యాణి ఆదిత్యపూర్‌లోనే ఒక చిన్న యూనిట్‌లో, తయారైన భాగాల కొలతలు సరిచూసే చెకరు. సీతారాండేరాలోని మా ఆఫీసు నుంచి బయల్దేరి ఖర్కాయ్ నది వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని వాళ్ళ ఇల్లు చేరేసరికి నాకు సగం ఓపిక హరించుకుపోయేది. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది.

మొదటిసారి వెళ్ళినప్పుడు తవిటయ్య మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. పెద్ద మనిషి, భుజాలు వెడల్పు. దుప్పటి అంచును పిడికిట్లో పట్టుకున్నాడు. వేళ్ళ కణుపులు తెల్లబడి ఉన్నాయి. నేను టాటానగర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన దాన్నని, మాదీ అటువైపేనని చెప్పగానే ముఖం విప్పారింది. చెల్లెమ్మా అని వరస కలిపేశాడు. ఊరు పేరు అడిగాడు, ఇంటిపేరు అడిగాడు, టీ పెట్టమని లోపలికి కేకేశాడు. సరే, ఇప్పుడు నొప్పి ఎంతన్నా అని స్కేలు తీశాను.

"రెండు. ఠీక్ హై."

పిడికిలి వంక చూశాను. రెండు నొప్పి ఉన్నవాడెవడూ దుప్పటిని అలా పట్టుకోడు. నీలమ్మను వంటగదిలోకి తీసుకెళ్ళి అడిగాను.

"నానేటి సెప్పను సిస్టరమ్మా," అంది ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంటూ. "రేతిరల్లా గోడకి ఆనుకుని కూకుంటన్నాడు. ఏటయినాదీ అంటే ఏటీ నేదు, పడుకోయే అంటన్నాడు. నాకేటీ సెప్పడు."

డాక్టరు మేడంకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను: నోటితో రెండు అంటున్నాడు, ఒళ్ళు ఎనిమిది అంటోందని. ఆవిడ మోతాదు కాస్త పెంచి, మధ్యలో నొప్పి ఎక్కువైతే వేసుకోవడానికి అదనపు మాత్ర కూడా రాశారు. తవిటయ్య ఆ అదనపు మాత్ర ముట్టుకోలేదు. రెండు నొప్పికి అదనపు మాత్ర దేనికి చెల్లెమ్మా అని నన్నే ఎదురు ప్రశ్న వేశాడు. న్యాయంగానే ఉంది! నా స్కేలుతో నన్నే కట్టిపడేశాడు మహానుభావుడు. మత్తు అలవాటవుతుందని భయమా అని అడిగాను. కాదన్నాడు. ఇది ఆఖరి మందని ఎవరైనా చెప్పారా? లేదన్నాడు. బుజ్జగించాను, కసురుకున్నాను, నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా ఉన్న బొమ్మల స్కేలు చూపించాను. ఆ నవ్వే ముఖం పక్కనున్న ముఖం మీద వేలు పెట్టి, ఇదీ అన్నాడు. ఒళ్ళు మండి ఆ రోజు టీ తాగకుండా వచ్చేశాను.

అసలు చిక్కు శంకర్ రూపంలో వచ్చింది. తండ్రి రోజురోజుకీ కృశించిపోవడం చూసి ఆ అబ్బాయికి కాళ్ళు చేతులు ఆడటం లేదు. ఇంట్లో పెట్టుకుని చంపుతున్నామని వీధిలో ఎవరో అన్నారట. రైల్లో పెద్ద ఊరు తీసుకెళ్ళి పెద్ద ఆసుపత్రిలో చేర్పిస్తానని పట్టుబట్టాడు. వెన్ను ఎముకలు పుచ్చిపోయి ఉన్న మనిషికి అంత ప్రయాణం ప్రమాదమని డాక్టరు మేడం నచ్చజెప్పారు. అక్కడ చేసేది కూడా ఇదేనని, ముందు నొప్పి అదుపులోకి రావాలని చెప్పారు.

"అదుపులోకి వస్తోందా మేడం?" అన్నాడు శంకర్ హిందీలో. "మీరే చెప్పండి. నాన్న నిద్రపోయి ఎన్నాళ్ళయిందో నాకు తెలుసు. రైలు టిక్కెట్లు కూడా తీశాను. వచ్చే వారం మీరొచ్చేసరికి ఇలాగే ఉంటే నేను తీసుకెళ్ళిపోతాను."

తవిటయ్య గోడ వైపు తిరిగి, "నా కొంపలోంచి నన్ను కదపకండి. ఎలిపోతే ఇక్కడే ఎలిపోతాను," అన్నాడు. ఫౌండ్రీలో చేరిన కొత్తలో మట్టిగోడలతో మొదలుపెట్టి, డ్యూటీ దిగొచ్చాక ఒక్కో ఇటుకా తనే పేర్చుకున్న ఇల్లది. సందు చివర రామమందిరం. అందులో శనివారం భజనకు తాళం వేసేది ఆయనే. నెలల తరబడి వెళ్ళలేకపోతున్నాడు. ఆయన తాళం లేకపోతే పాట పరుగెత్తిపోతోందని భజన వాళ్ళు చెప్పుకుంటున్నారట.

ఆ మర్నాడు మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ఇంటి ముందు ఒక పాత సైకిలు ఉంది. లోపల యర్రయ్య. ఫౌండ్రీలో అదే క్రేన్ మీద తవిటయ్య తర్వాతి షిఫ్టు చేసిన మనిషి. బిర్సానగర్ నుంచి అంత దూరం మోకాళ్ళ నొప్పులతో తొక్కుకుంటూ వచ్చాడు. నేను వచ్చినట్టు తవిటయ్య చూడలేదు. పెరట్లో పంపు దగ్గర చేతులు కడుక్కుంటున్నాను. కిటికీలోంచి మాటలు వినిపిస్తున్నాయి.

"బోల్, క్యా హాల్?" అన్నాడు యర్రయ్య.

"నడుం కాడ రేతిరంతా మండిపోతన్నాది. ఎడం పక్కకి తిరిగితే కత్తి దింపినట్టే. తెల్లారగట్ల కొంచెం నెమ్మదిత్తాది. మాత్ర ఏసుకున్నాక గంటా గంటన్నర బాగుంటాది, తరవాత మళ్ళీ మొదలు. తొమ్మిదిరా. ఒక్కోపాలి పది."

చేతులు సబ్బు నురగతో అలాగే ఉన్నాయి. నెలరోజులుగా నేను అడుక్కుంటున్న రిపోర్టు! ఎక్కడ నొప్పి, ఎప్పుడు ఎక్కువ, ఎప్పుడు తక్కువ, మందు ఎంతసేపు పనిచేస్తోంది, అంకెతో సహా పూస గుచ్చినట్టు చెప్పేశాడు. నోరు మూసుకుని ఉండలేని జబ్బు నాది. తడి చేతులతోనే లోపలికి వెళ్ళి నడుం మీద చేతులు పెట్టుకున్నాను.

"ఏం తవిటన్నా, ఆయనకు తొమ్మిది, నాకు రెండా? నేనేం పాపం చేశాను?"

తవిటయ్య తల దించుకున్నాడు. యర్రయ్య పగలబడి నవ్వాడు.

"కోప్పడకమ్మా. నువ్వు తెల్లకోటుదానివి," అన్నాడు. "తెల్లకోటుకి ఎవుడైనా నిజం సెప్తాడేటి?"

తర్వాత ఇద్దరూ కలిసి విడమరిచి చెప్పారు. ఫౌండ్రీలో క్రేన్ వాళ్ళకు ఎప్పటికప్పుడు మెడికల్ ఉండేది. కళ్ళు, బీపీ, చెవులు చూస్తారు. తల తిరుగుతోందనో నడుం నొప్పనో నోరు జారితే డాక్టరు అన్‌ఫిట్ అని రాస్తాడు. క్రేన్ నుంచి దింపి యార్డులో తుక్కు ఏరే పనికి వేస్తారు. అందుకని తెల్లకోటు కనిపిస్తే ఠీక్ హై అనడం అక్కడ అందరికీ ఉగ్గుపాలతో అబ్బిన విద్య. తవిటయ్య పెళ్ళాం బిడ్డల ముందు కూడా ఆ మాటే వాడాడు, వాళ్ళు కంగారుపడతారని.

కానీ రిలీవరుకు మాత్రం ఏదీ దాచకూడదు. రిలీవరంటే మన షిఫ్టు అయిపోయాక మన చోటికి వచ్చే మనిషి. కరిగిన ఉక్కు నిండిన బకెట్టును జనం తలల మీదుగా మోసే క్రేన్ అది. బ్రేకు జారుతోందని, తాడులో ఒక పోగు తెగిందని దిగిపోయేవాడు చెప్పకపోతే ఎక్కినవాడు, కింద ఉన్నవాళ్ళు మసైపోతారు. సాహెబుకు దాచినా, యూనియన్‌కు దాచినా, రిలీవరు ముందు మాత్రం ఉన్నదంతా చెప్పాల్సిందే. దీన్ని చార్జి ఇవ్వడం అంటారు. దానికో పద్ధతి ఉంది. రిలీవరు నిచ్చెనెక్కి క్యాబిన్‌లోకి వచ్చి, చెప్పింది విని, హ్యాండిల్ మీద చెయ్యి వేసి "పట్టుకున్నాను, దిగు" అనాలి. ఆ మాట అనేదాకా పాతవాడు సీటు వదలకూడదు. రిలీవరు రాకపోతే డబుల్ డ్యూటీ చేయాల్సిందే.

నాకు ఇందులో అర్థం కానిదేమీ లేదు. మా వార్డుల్లోనూ అంతే. డ్యూటీ దిగే సిస్టరు, ఎక్కే సిస్టరు ఒక్కో మంచం దగ్గరా ఆగి అప్పగింతలు చేసుకుంటాం. పెద్ద డాక్టరు రౌండ్లలో చెప్పని సంగతులు అక్కడే బయటపడతాయి. మా నాన్న గూడ్సు గార్డు. ఆయన కూడా రైలు చివర తను కూర్చునే బ్రేకువ్యాను అప్పగించకుండా ప్లాట్‌ఫారం వదిలేవాడు కాదు.

నేను ఫోన్లో చెప్పగానే మేడం మోతాదు మార్చారు, వ్యవధి మార్చారు. అయితే అది ఒక రోజు రిపోర్టు. మార్ఫిన్ మోతాదు కుదరాలంటే రోజూ కావాలి. యర్రయ్య రోజూ రాలేడు, తిరిగి వెళ్ళేటప్పుడు సైకిలు ఎక్కలేక ఆటోలో వేసుకెళ్ళాడు. యర్రయ్యను ఫోన్లో అడగమందామంటే తవిటయ్య ఒప్పుకోలేదు. ఎదురుగా లేనివాడు రిలీవరు ఎలా అవుతాడని ఆయన వాదన.

నేను సంచి సర్దుకుంటుండగా కల్యాణి డ్యూటీ నుంచి వచ్చింది. నీలం చొక్కా, మెడలో గుర్తింపు కార్డు, కాళ్ళకు బరువైన సేఫ్టీ బూట్లు. గుమ్మంలో బూట్లు విప్పి, చప్పుడు కాకుండా గోడ పక్కనుంచి వంటగదిలోకి జారుకుంది. ఆ ఇంట్లో మామగారికి ఎదురుపడి కోడలు మాట్లాడదు. వంటగది గుమ్మంలో, నాలుగడుగుల దూరంలోనే కల్యాణి కనిపిస్తున్నా తవిటయ్య భార్యతో, "ఒసే, కోడల్ని మంచినీళ్ళు తెమ్మను," అన్నాడు. కల్యాణి నీళ్ళు తెచ్చి అత్తగారి చేతికిచ్చింది, అత్తగారు ఆయన చేతికిచ్చింది. మందులు వేళకు తీసి పెట్టేది, పథ్యం వండేది, పక్కబట్టలు ఉతికేది ఈ అమ్మాయే. మాటకు మాత్రం అంత చుట్టు తిరగాలి.

వెంటనే నా మనసులో ఒక ఆలోచన మెదిలింది. వంటగదిలోకి వెళ్ళి, షిఫ్టు దిగేటప్పుడు మీరేం చేస్తారమ్మా అని అడిగాను.

"చార్జి ఇచ్చి వస్తాం ఆంటీ. కొలిచే గేజ్ ఏది పాడైందో, ఏ లాట్ సరుకులో తేడా వచ్చిందో, అన్నీ చెప్పాలి. చెప్పకుండా వస్తే ఫోర్‌మన్ గేటు దాటనివ్వడు."

సంగతి చెప్పి, రోజూ డ్యూటీ నుంచి రాగానే రిలీవరుగా మావయ్య దగ్గర చార్జి తీసుకోమన్నాను. బిత్తరపోయింది. మావయ్యతోనా, ఎదురుగా నిలబడా అని రెండుసార్లు అడిగింది. నీలమ్మ అయితే నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఓలమ్మ! మావతో కోడలు నొప్పులూ గిప్పులూ మాటాడ్డమేటి? వీధిలో సూత్తే ఏటనుకుంటారు?"

తవిటయ్య అంతకన్నా గట్టిగా ఎదురుతిరిగాడు. ఆయనతో వాదించే ఓపిక నాకు లేక, యర్రయ్యకు ఫోన్ కలిపి ఆయన చెవి దగ్గర పెట్టాను. అవతలి గొంతు మా అందరికీ వినిపించింది.

"ఒరే, నా మోకాళ్ళు రిటైరైపోనాయి. రిలీవరు నేకుండా ఎన్నాళ్ళు డబుల్ డ్యూటీ సేత్తావురా? నీ ఇంట్లోనే బూట్లేసుకుని వత్తన్నాది కదా ఒక మనిషి. చార్జి ఇచ్చేసి దిగు."

తవిటయ్య ఫోన్ పక్కన పెట్టాడు. మంచం అంచు మీదికి జరిగి చొక్కా గుండీ పెట్టుకున్నాడు. తర్వాత భార్యకు కాకుండా గాలికి చెప్పినట్టుగా, "బూట్లు ఇప్పెయ్యకుండా రావాల," అన్నాడు.

మర్నాడు నేను కావాలనే ఆ వేళకు వెళ్ళాను. కల్యాణి బూట్లతో, కార్డుతో వచ్చి మంచం ముందు నిలబడింది. "మావయ్యా, డ్యూటీకి వచ్చాను. చార్జి ఇవ్వండి," అంది. తవిటయ్య ఆ అమ్మాయి ముఖం చూడలేదు. ఎదుటి గోడ వంక చూస్తూ హిందీలో మొదలుపెట్టాడు. ఆయన జీవితమంతా పని మాటలు హిందీలోనే సాగాయి. ఇంటి భాషలో ఆయన మామగారు, పని భాషలో ఆయన ఒక షిఫ్టు మనిషి. రాత్రి నొప్పి ఆరు, పొద్దున నాలుగు, మాత్ర తర్వాత రెండు. విరేచనం కాలేదు. ఎడమ మడమ దగ్గర పక్క ఒరుసుకుంటోంది. కల్యాణి మధ్యలో ఒక్కటే ప్రశ్న వేసింది, రాత్రి ఆరు ఎంతసేపని. ప్రశ్న విని ఆయన మొదటిసారి ఆమె వైపు చూశాడు. చెప్పడం అయిపోయాక కల్యాణి మంచం కడ్డీ మీద చెయ్యి వేసి, "పట్టుకున్నాను మావయ్యా, దిగండి," అంది.

తవిటయ్య వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి గురక వినిపించింది. నీలమ్మ గుమ్మంలో నిలబడి ఆ గురకను వింటూ ఉండిపోయింది.

ఆ తర్వాత పని సులువైంది. కల్యాణి నాకు ఫోన్ చేసి చెప్పేది, నేను మేడంకు చెప్పేదాన్ని, మేడం మోతాదు సర్దేవారు. వారం తిరిగి మేడం వచ్చేసరికి తవిటయ్య రాత్రిళ్ళు పడుకుంటున్నాడు. శంకర్ టిక్కెట్ల మాట మళ్ళీ ఎత్తలేదు. అడిగితే, క్యాన్సిల్ చేశానని నేల చూపులు చూస్తూ చెప్పాడు. ఒక శనివారం సాయంత్రం తవిటయ్య ఒక పక్క కొడుకును, ఒక పక్క చేతికర్రను పట్టుకుని రామమందిరానికి నడిచాడు. ఆయన గోడకు ఆనుకుని కూర్చుని తాళం అందుకున్నాడు. మూడు పాటలకే వాయించాడట. పాట మాత్రం పరుగెత్తలేదని భజన వాళ్ళు నాకు ప్రత్యేకంగా చెప్పారు.

ఎండలు ముదిరాక ఒక రోజు కల్యాణి ఫోన్. ఎప్పటిలాగే రిపోర్టు చదివినట్టు చెబుతూ చివర, "ఎడమ కాలు మొద్దుబారిందట ఆంటీ. పెరట్లోకి వెళ్ళేటప్పుడు చెప్పు జారిపోతే ఆయనకు తెలియలేదట. నొప్పి కాదు కాబట్టి చెప్పనా వద్దా అనుకున్నారట. చార్జిలో అన్నీ చెప్పాలి కదా అని చెప్పారు," అంది.

నేను లేచి నిలబడ్డాను. వెన్నెముకలోని గడ్డ లోపలి నరాల తాడును నొక్కడం మొదలుపెడితే ఇలాగే మొదలవుతుంది. మా పనిలో పరుగెత్తాల్సిన సందర్భాలు తక్కువ, వాటిలో ఇదొకటి. ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే కాళ్ళు శాశ్వతంగా పడిపోతాయి, మూత్రం మీద పట్టు పోతుంది. వెంటనే పట్టుకుంటే వాపు తగ్గించే ఇంజెక్షను, తర్వాత రేడియేషను ఇచ్చి నడకను నిలబెట్టవచ్చు. మేడం, నేను వ్యానులో వెళ్ళి సాయంత్రమే ఇంజెక్షను ఇచ్చాం. పొద్దున్నే ఊళ్ళోని క్యాన్సరు ఆసుపత్రికి తీసుకెళ్ళాలని మేడం చెప్పారు.

తవిటయ్య మంచం కోళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. గడప దాటితే మళ్ళీ రానని, ఆసుపత్రిలో గొట్టాలు పెట్టి ఉంచేస్తారని, ఎవరు చెప్పినా వినలేదు. శంకర్ బతిమాలాడు. నేను అరిచాను. ఆ అరుపుకు పక్కింటావిడ తలుపు తీసి చూసింది. అప్పుడు కల్యాణి ముందుకొచ్చింది.

"షట్‌డౌన్ మావయ్యా. మరమ్మతుకి. క్రేన్‌ని షట్‌డౌన్‌లో ఇస్తే మళ్ళీ లైన్లోకి రాదా ఏంటి?"

ఆయన ఆలోచించాడు. "షట్‌డౌన్ ఎవులు తీసుకుంటారో ఆలే తిరిగి లైన్లో ఎట్టాల. అది రూలు," అన్నాడు. "నువ్వు తీసుకెళ్తే నువ్వే తేవాల."

"నేనే తెస్తాను."

కల్యాణి సెలవు పెట్టి వెంట వెళ్ళింది. స్కానింగులో మేం అనుకున్నదే కనిపించింది. రేడియేషను ఇచ్చారు. అక్కడివాళ్ళు కొన్నాళ్ళు ఉంచుకుందామన్నప్పుడు కల్యాణి మేడంతో మాట్లాడించి, ఇంటి దగ్గర ఎవరు ఏమేం చూసుకుంటారో వివరంగా చెప్పి, మాట ఇచ్చినట్టే ఆయన్ను వెనక్కి తెచ్చింది. గడప లోపల కుర్చీలో కూర్చోబెట్టాక తవిటయ్య ఎడమ కాలి బొటనవేలు కదిపి చూపించాడు. నీలమ్మ ఆ వేలును పట్టుకుని నవ్వింది. ఆ వేసవి, ఆ వానాకాలం, దసరా దాటేదాకా ఆయన చేతికర్రతో తన కాళ్ళ మీద నడిచాడు. శనివారాల్లో సగం రామమందిరంలో ఉండేవాడు. కల్యాణికి మధ్యాహ్నం మొదలయ్యే బి షిఫ్టు పడిన వారాల్లో చార్జి పొద్దున జరిగేది. మామాకోడళ్ళ సంగతి వీధిలో ఎవరూ ఏమీ అనుకోలేదు. ఇద్దరు ముగ్గురు కోడళ్ళు మాత్రం తమ ఇంట్లోని ముసలాళ్ళతో ఎలా మాట్లాడాలో అడగడానికి కల్యాణి దగ్గరికి వచ్చారు.

చలి మళ్ళీ మొదలయ్యాక ఆయన మంచం దిగడం మానేశాడు. తిండి తగ్గింది, నిద్ర పెరిగింది. ఇక జబ్బు దారి ఇదేనని మేడం శంకర్‌కు, నీలమ్మకు నెమ్మదిగా చెప్పారు. శంకర్ ఈసారి ఏ ఊరి పేరూ ఎత్తలేదు. రోజూ తండ్రికి ఒళ్ళు తుడిచి గడ్డం గీసేవాడు. నేను రోజు మార్చి రోజు వెళ్ళేదాన్ని.

ఆ మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. కల్యాణి డ్యూటీ నుంచి వచ్చి బూట్లతోనే మంచం ముందు నిలబడింది. పొద్దుటి నుంచీ మాట లేని మనిషి ఆ బూట్ల చప్పుడుకు కళ్ళు తెరిచాడు. ఈసారి హిందీలో మాట్లాడలేదు.

"నొప్పి నేదు," అన్నాడు. ఆగి ఊపిరి తీసుకున్నాడు. "గాలి కొంచెం తక్కువగున్నాది. మీ అత్త పొద్దున్నించీ అన్నం తిన్నేదు. అదొక్కటే పెండింగు."

"చూసుకుంటాను మావయ్యా."

"మరి దిగొచ్చునా?"

కల్యాణి మంచం కడ్డీ మీద చెయ్యి వేసింది. పిడికిలి బిగుసుకుంది.

"పట్టుకున్నాను. దిగండి."

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు, నీలమ్మ కంచంలో ముద్ద కలుపుకుంటుండగా, ఆయన నిద్రలోనే పోయాడు. కల్యాణి అత్తగారి పక్కన కూర్చుని ఉంది. తన ఇంట్లో, తన మంచం మీద, పిడికిలి విప్పి ఉన్న చేతులతో పోయాడు. నేను చూసినంతలో మా పనిలో దీనికన్నా మంచి ఫలితం లేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా కొత్తగా టీములో చేరిన సిస్టర్లకు శిక్షణ ఇచ్చే పని నాదే. నొప్పి స్కేలు వాడటం రెండో రోజు నేర్పేదాన్ని. మొదటి రోజు ఒక్క పని చెప్పేదాన్ని: ఇంట్లోకి వెళ్ళి కూర్చోండి, టీ ఇస్తే తాగండి, ఈ మనిషి జీవితంలో ఎవరి దగ్గర నిజం చెప్పడం అలవాటు చేసుకున్నాడో తెలుసుకోండి. వంటమనిషి అయితే పొయ్యి అందుకునేవాళ్ళకు చెబుతాడు. గార్డు అయితే బ్రేకువ్యాను తీసుకునేవాళ్ళకు చెబుతాడు. అలా నిజం వినే మనిషి దొరికాకే స్కేలు బయటికి తీయండి. అది మన చేతిలోనే ఉండాలని లేదు.